చుక్కమ్మ ఊటకి వచ్చిన మంచి రిపోర్టు

ఒక పెద్ద అడవిలో, మరీ పెద్దదేం కాదులెండి, ఓ పెట్రోల్ బంకు పట్టేంత అడవిలో, ఎలుగుబంటి వీర్రాజు బంకు నడుపుతుండేవాడు. జంతువులకి పెట్రోలెందుకని అడక్కండి. ప్రెసిడెంటు ఏనుగుగారికే రెండు జీపులున్నాయి.

బంకు మెట్ట మీదుండేది. మెట్ట కింద దుప్పి చుక్కమ్మ ఊట. ఆవిడకీ ఇద్దరు పిల్లలకీ ఆ నీళ్ళే ఆధారం. ఓ పొద్దున పిల్లలు ఊటలో మూతి పెట్టి, ఠక్కున వెనక్కి తీసేసుకున్నారు. చుక్కమ్మ వాసన చూసింది. పెట్రోలు.

వెంటనే సభ పెట్టించింది.

"వీర్రాజన్నా, భూమిలో నీ ట్యాంకు చిల్లు పడింది. తవ్వి తీయించు" అంది.

"తవ్వితే మూడు నెలలు బంకు మూసుకోవాలమ్మా" అన్నాడు వీర్రాజు. "ఎందుకొచ్చిన తంటా? మట్టి తనంతట తనే బాగుపడుతుంది. కావాలంటే వానపాముని అడుగు."

వానపాము మెల్లిగా మొదలెట్టింది. "మాట నిజమేనండి. మట్టిలో కంటికి కనపడని జీవులుంటాయి, అవి పెట్రోలు తినేస్తాయి. ఏళ్ళు పడుతుందిగానీ తింటాయి. అయితే..."

చప్పట్లు మోగిపోయాయి.

"అయితే అంటున్నాడు, విననివ్వండయ్యా" అంది చుక్కమ్మ.

"అయితే ముందు కారడం ఆపాలి. అవి ఒక ముద్ద తినేలోపు మీరు పది వడ్డిస్తే ఎట్లా? తర్వాత బంకుకీ ఊటకీ మధ్య రెండు గుంటలు తవ్వాలి. పోల్చి చూసుకోడానికి బంకుకి పైన, పెట్రోలు పారని చోట, ఇంకోటి. మూడింట్లోనూ రెండు నెలలకోసారి నీళ్ళు పరీక్ష చెయ్యాలి. తగ్గకపోతే ట్యాంకుతోపాటు ఆ మట్టి కూడా తవ్వి తియ్యాల్సిందే."

"అంత పొడుగు రాయలేం" అన్నారు ప్రెసిడెంటుగారు. తీర్మానంలో 'మట్టి చూసుకుంటుంది' అని మాత్రం రాయించారు.

గుంటలు మూడూ తవ్వించార్లెండి, ఆ మాట ఒప్పుకోవాలి. పరీక్ష పని ఇంజినీరు కొంగకిచ్చారు. కింది రెండు గుంటల చుట్టూ ముళ్ళు, పైగా కంపు. పై గుంట పక్కన మంచి నీడ. కొంగ ప్రతిసారీ పై గుంటలోనే సీసా ముంచి, 'పెట్రోలు లేదు' అని రాసేది. అబద్ధం కూడా కాదు, అక్కడ నిజంగానే లేదు.

వీర్రాజు ఉబ్బిపోయి, ఆ రిపోర్టులో తనే ఇంకో ముక్క చేర్పించాడు: 'అడవి మొత్తంలో చుక్కమ్మ ఊటే మొదటి రకం నీళ్ళు.' వానపాముకి శాలువా కూడా కప్పారు. పాపం, బయటికి రావడానికి పూటంతా పట్టింది.

చుక్కమ్మ మాత్రం రోజూ రెండు కొండలు దాటి నీళ్ళు మోసుకొస్తోంది.

ఎండాకాలం వచ్చింది. చెరువెండిపోయింది. ప్రెసిడెంటుగారు రిపోర్టు తిరగేసి, "మొదటి రకం నీళ్ళుండగా బెంగెందుకు? రేపట్నించి సభ్యులందరికీ చుక్కమ్మ ఊట నీళ్ళే" అన్నారు.

మర్నాడు సభలో చుక్కమ్మ ముంతలతో వడ్డించింది. "తాగన్నా, నీ రిపోర్టే కదా."

"ఇవాళ ఉపవాసమమ్మా" అన్నాడు వీర్రాజు.

"నువ్వో, ఇంజినీరుబాబూ?"

"గొంతు నొప్పండి" అంది కొంగ.

ఈలోపు ప్రెసిడెంటుగారు తొండం నిండా పీల్చేశారు. ఆ తుమ్ముకి సభాపందిరి లేచి అవతల పడింది.

"నీళ్ళెక్కడ ముంచావురా?" అన్నారు ఊపిరి అందాక.

"పై గుంటలోనండి" అంది కొంగ.

"అయితే ఆ గుంట నాకిచ్చెయ్యండి" అంది చుక్కమ్మ. "ఏడాదిగా పరీక్ష చేసిన నీళ్ళు కదా. మోసుకొచ్చే పని వీర్రాజన్నది."

ఆ సాయంత్రమే బంకు మూసి, ట్యాంకు ఖాళీ చేసి తవ్వడం మొదలెట్టారు. వీర్రాజు కావడి భుజానికెత్తుకున్నాడు.

"ఎన్నాళ్ళు మొయ్యాలి?" అనడిగాడు వానపాముని.

"మావాళ్ళిప్పుడే భోజనానికి కూర్చున్నారండి. ఓ పదేళ్ళు పట్టొచ్చు."

నీతి ఏంటంటే, మట్టిని నమ్మొచ్చు, రిపోర్టునీ నమ్మొచ్చు, రాసినవాడికి ముందు ఓ ముంతెడు తాగించాక.