శాలువా రంగు నిర్ధారణ సంఘం

ప్రజలు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న నిర్ణయం ఎట్టకేలకు వెలువడింది. నలుపు తెలుపుల కాలంలో దేశమంతటినీ వెక్కి వెక్కి ఏడిపించిన ఆ రైల్వే స్టేషను సినిమాకు రంగులు వేయించాలని సాంస్కృతిక శాఖ తీర్మానించింది. రైలుకు ఏ రంగు వేయాలో ఆ పనివాళ్లే చూసుకుంటారు. బల్లకు ఏ రంగైనా ఫరవాలేదు. కథానాయిక కప్పుకున్న శాలువా మాత్రం జాతి సంపద కనుక, దాని రంగు తేల్చడానికి పదకొండుమంది పెద్దలతో ఒక సంఘాన్ని నియమించారు.

రిటైరైన జడ్జిగారు అధ్యక్షులు. ఒక కంటి డాక్టరు, ఒక సౌందర్యశాస్త్ర ఆచార్యుడు, గోడలకు వేసే రంగుల వ్యాపారి, అభిమాన సంఘం కార్యదర్శి సభ్యులు. మిగిలిన ఆరుగురు ఎందుకున్నారో వాళ్లకూ తెలియదు గానీ ఒక్క సమావేశానికీ గైరుహాజరు కాలేదు. శాలువా కప్పుకున్న మనిషి ఇంకా బతికే ఉందనీ, ఈ భవనానికి నాలుగు వీధుల అవతలే ఉంటోందనీ ఎవరో గుర్తుచేశారు. జడ్జిగారు కాసేపు ఆలోచించి, ఆమెకు ఈ వ్యవహారంతో సొంత సంబంధం ఉంది కనుక సంఘంలోకి తీసుకోవడం న్యాయసూత్రాలకు విరుద్ధమని సెలవిచ్చారు. అందరూ బల్లలు చరిచారు.

నాలుగు వీధుల అవతల ఆ మనిషి పేపరు చదివించుకుంటోంది. డెబ్బై ఎనిమిదేళ్లు. పలచటి మనిషి, ఎడమ చెంపమీద చిన్న పుట్టుమచ్చ, నవ్వితే ముందు భుజాలు కదులుతాయి. అక్క కూతురితో కలిసి ఉంటోంది. అక్క కూతురు పళ్ల డాక్టరు. ఇంటి ముందుగదిలోనే ఆసుపత్రి. ఒక రోగిని నోరు తెరిచి ఉంచమని చెప్పి, లోపలికి వచ్చి పేపరు చదివి వినిపిస్తోంది.

"పోనీలేవే, ఇన్నాళ్లకైనా అడగాలని బుద్ధి పుట్టింది" అంది ఆమె సంబరంగా.

"నిన్నడగలేదు పిన్నీ. ఇంకో పదకొండుమందిని అడిగారు."

"ఎవర్నడిగితేనేం? నిజం ఒకటే కదా, వెళ్లి చెప్పొస్తాను."

ఈ మాట వినగానే ఆమె లోకజ్ఞానం ఏపాటిదో పాఠకులకు తెలిసిపోయి ఉంటుంది. యాభై ఏడేళ్లుగా ఆమె కడుపులో దాచుకున్న నిజం ఏమిటంటే, ఆ శాలువా తెల్లది కాదు. నిమ్మపండు రంగు.

అప్పట్లో ఆమె నవ్వించే పిల్ల. మూడు సినిమాల్లో గెంతింది, మెట్లమీంచి దొర్లింది, హీరోను బావిలోకి తోసింది. ఆమె అక్క అదే స్టూడియోలో దుస్తుల గదిలో కుట్టుపని చేసేది. నాలుగో సినిమా ఈ స్టేషనుది. వదిలిపోయిన మొగుడికోసం ఇల్లాలు ప్లాట్‌ఫారం బల్లమీద పద్నాలుగు రీళ్లు ఎదురుచూస్తుంది. రైలు ఏడుసార్లు వస్తుంది. ఏడోసారి మొగుడు దిగుతాడు, రెండో భార్యతోనూ బిడ్డతోనూ. బిడ్డకు చలేస్తుంటే ఈమె తన శాలువా తీసి కప్పి, ఆ బల్లమీదే ప్రాణం విడుస్తుంది. శాలువా స్వచ్ఛంగా తెల్లగా కనిపించాలన్నాడు దర్శకుడు. కెమెరామన్ ఒప్పుకోలేదు. ఆయన్ని అందరూ గొణుగుడు అనేవాళ్లు.

"తెలుపు నా కెమెరా ముందుకి తేకండమ్మా. దీపాల కింద మండిపోతుంది. పక్కనున్న మొహాన్ని మింగేస్తుంది" అని గొణిగాడాయన.

"మరి తెల్లగా పడాలంటున్నారు గదండీ డైరెక్టరుగారు?" అంది అక్క.

"అందుకే పసుప్పచ్చది తెమ్మంటున్నా. తెరమీద తెల్లగా పడుతుంది. పిల్ల మొహమూ మిగుల్తుంది."

అక్క ఇల్లు తుడిచే బకెట్లో రంగు కలిపింది. మొదటి ముంపుకు గుడ్డు సొన రంగొచ్చింది. రెండో ముంపుకు చూసినవాళ్లకు వాంతి వచ్చేలా తేలింది. ఉతికి ఆరేసి మూడోసారి ముంచితే అప్పుడే కోసిన నిమ్మపండులా వచ్చింది. గొణుగుడు దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, జీవితంలో మొదటిసారి గొణక్కుండా "బాగుంది" అన్నాడు. దీపాల వేడికి చెమట పట్టి రంగు దిగి, నలభై రోజులు చెల్లెలి మెడా, అక్క వేళ్లూ పచ్చగానే ఉన్నాయి. సినిమా మొదట్లో వేసిన పేర్లలో రైలింజను డ్రైవరుకు కూడా కృతజ్ఞతలు చెప్పారు. అక్క పేరు లేదు.

సినిమా విడుదలై దేశం తడిసి ముద్దయింది. అత్తలు కోడళ్లకు తెల్ల శాలువాలు కొనిపెట్టి, "చూశావుగా ఎలా ఎదురుచూసిందో!" అని బుద్ధులు చెప్పారు. ఇంటికి ఆలస్యంగా వచ్చే మొగుళ్లు ఆ సినిమాకు మూడేసిసార్లు పెళ్లాలను తీసుకెళ్లారు. ప్రజలు ఆమెకు తెల్లశాలువా తల్లి అని బిరుదిచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై ఒక్కేళ్లు, పెళ్లి కూడా కాలేదు.

ఆ తర్వాత పన్నెండేళ్లు నిర్మాతలు ఆమెకు బల్లలే ఇచ్చారు. రేవులో బల్ల, ఆసుపత్రి వరండాలో బల్ల, జైలు గేటు ముందు బల్ల. కూర్చోవడంలో ఆమెను మించిన నటి లేదని విమర్శకులు ముక్తకంఠంతో రాశారు. ఒకసారి మనసాగక వంకాయరంగు గొడుగు వేసుకుని బజారుకెళ్లింది. మర్నాడు రెండు సినిమా హాళ్ల అద్దాలు పగిలాయి, ఒక అభిమాని నిరాహారదీక్షకు కూర్చున్నాడు. ఆ వారమే ఆమె ఒప్పందంలో కొత్త షరతు చేరింది. ఇంటి బయట తెలుపు తప్ప కట్టరాదు, పట్టరాదు, కప్పరాదు. ఒప్పందాలు ఎప్పుడో చెల్లిపోయినా షరతు మాత్రం జనం దగ్గర భద్రంగా ఉండిపోయింది. అందుకే ఆమె ఇంట్లో నారింజరంగు కట్టుకుని తిరుగుతున్నా, తలుపు వెనక మేకుకు ఎప్పుడూ ఒక తెల్లగుడ్డ వేలాడుతుంటుంది. పంటినొప్పితో వచ్చినవాళ్లు సైతం ముందు ఆ తెలుపు చూసి దండం పెట్టుకుని, తర్వాతే నోరు తెరుస్తారు.

అక్క పోయి పంతొమ్మిదేళ్లయింది. అక్క చేత్తో చేసినవాటిలో దేశమంతా చూసింది ఆ శాలువా ఒక్కటే, చూసినవాళ్లెవరికీ దాని రంగు తెలియదు. ఆ ముచ్చట ఒక్కటి తీరితే చాలనుకుంది ఆమె. పోయేలోపు ఒక్కసారి తెరమీద అక్క రంగు చూడాలి. అందుకే ట్రంకుపెట్టె అడుగునుంచి శాలువా తీసి, కాగితంలో చుట్టుకుని, సంఘం ముందుకు వెళ్లింది.

సంఘం ఆమెను సగౌరవంగా నిలబెట్టింది. ముందుగా ఆచార్యులు లేచి, "తెలుపు అనేది రంగు కాదు, అది ఒక నడవడి! స్త్రీ సహనానికి లోకం ఇచ్చిన వెలుగు! అటువంటి తెలుపును పసుపు అనడం కేవలం చూపు దోషం కాదు, సంస్కార దోషం!" అని ముప్పావుగంట మాట్లాడారు. చూపు మాట రాగానే కంటి డాక్టరు అందుకున్నారు. శుక్లాలున్నవారికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని వివరించి, ఆమెకు పోయినేడాదే శుక్లం తీసిన సంగతి నమోదు చేయించారు.

"శుక్లం వచ్చింది ఈమధ్య బాబూ. సినిమా తీసింది యాభై ఏడేళ్ల కిందట" అంది ఆమె.

"జబ్బులు బయటపడేసరికి లోపల ఎన్నేళ్లనుంచో ఉంటాయమ్మా" అన్నారు డాక్టరుగారు జాలిగా.

జడ్జిగారు కల్పించుకుని, "అమ్మా, మీరు కప్పుకున్నారు, మేము చూశాం. కప్పుకున్నవాళ్లకు ఎంతసేపూ లోపలివైపే కనిపిస్తుంది. చూసినవాళ్లదే నిష్పాక్షిక సాక్ష్యం" అని తేల్చారు.

అభిమాన సంఘం కార్యదర్శి మాత్రం లేచి చేతులు జోడించాడు. "మా అమ్మ మీ సినిమా చూసి ఇరవై రెండేళ్లు మా నాన్నకోసం ఎదురుచూసిందండీ. ఇప్పుడు శాలువా పచ్చదంటే, ఆవిడ ఏమైపోవాలి?"

"అయ్యో! మరి మీ నాన్న వచ్చాడా నాయనా?"

"రాలేదండీ. అది వేరే సంగతి."

ఆమె కాగితం విప్పి శాలువా బల్లమీద పరిచింది. యాభై ఏడేళ్లయినా నిమ్మపండు నిమ్మపండులాగే ఉంది. పదకొండుమందీ ముందుకు వంగారు. రంగుల వ్యాపారి అంచు పట్టుకుని చూసి, అనుభవజ్ఞుడి నవ్వు నవ్వాడు. తెల్లబట్ట పెట్టెలో పడుంటే పసుపెక్కుతుందనీ, ఇంత పసుపెక్కిందంటే ఒకప్పుడు ఎంత తెల్లగా ఉండేదో ఊహించుకోవచ్చనీ అన్నాడు. సంఘం ఊపిరి పీల్చుకుంది. శాలువా తెల్లదనడానికి ఇంతకాలానికి తిరుగులేని రుజువు దొరికింది. దాన్ని పూర్వస్థితికి తెచ్చే బాధ్యత ప్రభుత్వమే భరిస్తుందని జడ్జిగారు ప్రకటించి, శాలువాను స్వాధీనం చేసుకున్నారు.

తర్వాత రెండు నెలలు ఏ తెలుపు అన్న చర్చ నడిచింది. వ్యాపారి నలభై ఒక్క రకాల తెలుపు అట్టముక్కలు తెచ్చాడు. పాల తెలుపా, మంచు తెలుపా అన్నచోట సంఘం రెండుగా చీలి, మాట్లాడుకోవడం మానేసి, చివరకు రెండూ కలిపి "మచ్చలేని, సాటిలేని, కాంతిమంతమైన తెలుపు" అని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ వారమే ఆమె ఇంటికి ఒక పొట్లం వచ్చింది. పైన జడ్జిగారి ఉత్తరం: తమ సందేహం తీరినందుకు సంతోషించగలరు.

విప్పితే తెల్లగా ఉంది. ఏ మందుల్లో ఎన్నిసార్లు ముంచారో, అక్క మూడు ముంపుల రంగూ పోయింది. పద్నాలుగు రీళ్లు గ్లిజరిన్ పెట్టుకుని ఏడ్చిన మనిషి, ఆ పూట ఏ సాయమూ లేకుండా ఏడ్చింది. అక్క పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

"ముక్కు సూటిగా పోతే ఇదే పిన్నీ మర్యాద" అంటూ అక్క కూతురు శాలువా చేతిలోకి తీసుకుంది. తిట్టుకుంటూనే అంచు తడిమింది. ఆగింది. "మా అమ్మ అంచు రెండు మడతలు పెట్టి కుట్టేది కదూ?"

ముందుగదిలోకి వెళ్లి, పళ్లలో గార తీసే సన్నటి కొక్కెం తెచ్చి, ఒక్కో కుట్టూ తెంపింది. బయట ఇద్దరు రోగులు మూలుగుతూ కూర్చున్నారు. మడత విప్పేసరికి లోపల వేలెడు వెడల్పున సన్నటి పట్టీ. నిమ్మపండు రంగు. మందులు మడత లోపలిదాకా వెళ్లలేదు. ఆమె దాన్ని చెంపకు ఆనించుకుని, ఇంకా ఏడుస్తూనే నవ్వింది.

సినిమా రంగుల్లో విడుదలయ్యే రోజు ఆమె ఆ శాలువానే కప్పుకుని వెళ్లింది, విప్పిన అంచు అందరికీ కనిపించేలా పైకి పెట్టుకుని. వేదికమీద మంత్రిగారు ఆమెను దేవత అన్నారు, దీపం అన్నారు, మన ఆడపడుచులందరికీ బల్ల దొరకాలని ఆకాంక్షించారు. మాట్లాడుతూ అంచు చూసి, "అరెరె, ఇక్కడింకా మాసినట్టుందే" అని తమ చేతిరుమాలుతో స్వయంగా రుద్దారు. ఫొటోగ్రాఫర్లు ఆ దృశ్యాన్ని వదల్లేదు. పట్టీ మాత్రం చెక్కు చెదరలేదు.

దీపాలార్పారు. ఎర్ర రైలొచ్చింది. ఆకుపచ్చ బల్ల, నీలం కోటు మొగుడు, గులాబీరంగు రెండో భార్య. కాంతిమంతమైన అని తీర్మానంలో ఉంది కనుక, కార్యదర్శి దగ్గరుండి శాలువా తెలుపును మూడుసార్లు పెంచించాడు. చివరి రీలులో కెమెరా మొహం దగ్గరకు వచ్చింది. తెరమీద ఒక తెల్లటి మంట లేచింది. మంట చుట్టూ బల్ల ఉంది, స్టేషను ఉంది, గడియారం ఉంది. గొణుగుడు బతికి ఉంటే ఆ రోజు గొణిగేవాడు కాదు, అరిచేవాడు.

హాలంతా ఎక్కిళ్లు. "ఆ మొహంలో ఎన్ని భావాలో చూడండి!" అన్నాడు కార్యదర్శి కళ్లు తుడుచుకుంటూ.

"ఏమే, నా మొహం ఏదే?" అని ఆమె అక్క కూతురి చెవిలో అడిగింది. "నా కళ్లకేనా కనబడంది?"

"ఎవరికీ కనబడదు పిన్నీ. లేదు అక్కడ."

ఆమె వేలెడు పట్టీని గుప్పిట్లో పట్టుకుని, తన సినిమాలోలాగే, అయ్యేదాకా కదలకుండా కూర్చుంది. జనం లేచి నిలబడి పావుగంట చప్పట్లు కొట్టారు. మొహం లేదన్న ఫిర్యాదు ఈ రోజువరకూ ఒక్కటీ అందలేదని శాఖవారు గర్వంగా చెప్తున్నారు.

వాళ్లను చూసి నవ్వుకుంటున్న పాఠకులకు ఒక చిన్న మనవి. శాలువా ఏ రంగో ఇప్పుడు మీకు బాగా తెలుసు, నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆమె పుట్టుమచ్చ ఏ చెంపమీద ఉందో, పైకి వెళ్లి వెతక్కుండా చెప్పండి.