రియర్ వీల్ డ్రైవ్ పక్షోత్సవాలు

ఇందుమూలంగా సమస్త కార్మికులకు తెలియజేయడమేమనగా, ఒకటో తారీఖు నుంచి పదిహేనో తారీఖు వరకు మన ఫ్యాక్టరీలో ‘రియర్ వీల్ డ్రైవ్’ ఘనంగా జరుపబడును. పాల్గొననివారిపై చర్య తీసుకోబడును.

జంషెడ్‌పూర్‌లోని ఆ ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద ఈ కాగితం అంటించినప్పుడు ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. అంతకుముందు అక్కడ సేఫ్టీ డ్రైవ్ జరిగింది, హెల్మెట్ డ్రైవ్ జరిగింది. గుట్కా మానే డ్రైవ్ రెండుసార్లు జరిగింది, మొదటిసారి ఎవరూ మానలేదు కాబట్టి. ఇప్పుడు వెనక చక్రాల వంతు వచ్చింది, అంతే.

ఒక్క లాజరస్‌కే మతి పోయింది. ఆ ఊళ్ళోనే సిద్ధగోరాలో ఉంటూ పద్నాలుగేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ఇన్‌స్పెక్టరుగా చేస్తున్నాడు. అంతకుముందు టాటానగర్ స్టేషన్ బయట, వెనక చక్రాల బలంతోనే నడిచే అంబాసిడర్ టాక్సీ నడిపాడు. అందుచేత రియర్ వీల్ డ్రైవ్ అంటే ఏమిటో అతనికి నడుంనొప్పితో సహా తెలుసు. అతని లైన్లో నలభైమంది రోజంతా కొట్టే ఇనుప ముక్కను, ఇంజను బలాన్ని వెనక చక్రాల దాకా మోసే పొడుగాటి షాఫ్టు చివర బిగిస్తారు. తన సెడాన్లను ఇకమీదట వెనక చక్రాలతోనే నడిపించాలని అమెరికాలో ఒక కార్ల కంపెనీ నిర్ణయించింది. వినియోగదారుల ఆకాంక్ష అదేనట. సరఫరాదారులందరూ మనస్ఫూర్తిగా సహకరించాలని మెయిల్ పంపింది.

యజమాని కోల్‌కతాలో ఉంటాడు. ఇంగ్లీషు మెయిళ్ళన్నీ పర్సనెల్ ఆఫీసర్ శివశంకర్‌కు అప్పగించాడు. ఆయనకు ఆ భాషలో ఎంత పట్టంటే, డ్రైవ్ అన్న ఒక్క మాట కనబడితే మిగతాది చదవనక్కర్లేదు.

“డ్రైవంటే అది కాదు సార్,” అన్నాడు లాజరస్ ఆయన గదిలో నిలబడి. “బండి ఏ చక్రాల బలంతో నడుత్తాదో చెప్పడం. ఇది మన పని గురించి రాసిన ఉత్తరం.”

“ప్రతిదానికీ అడ్డు తగలకు లాజరస్. చర్చిలో వాక్యం నువ్వే చదువుతావట కదా. మంచి గొంతు. ప్రతిజ్ఞ నువ్వే చేయించు.”

చేయించాడు. వెనక చక్రాన్ని నిత్యం గౌరవిస్తామని ఆరువందల మంది కుడిచేయి చాచి ప్రమాణం చేశారు. స్టాండులోని సైకిళ్ళన్నిటికీ వెనక చక్రాలకు బంతిపూలు కట్టారు. ముందు చక్రంలో గాలి ఉందా లేదా అన్నది డ్రైవ్ పరిధిలోకి రాదు. క్యాంటీన్‌కు కూరగాయలు తెచ్చే ఆటోకు వెనక రెండు చక్రాలుండటంతో ప్రథమ బహుమతి దానికే దక్కింది. ఆ సాయంత్రం చొక్కాకు బ్యాడ్జీతో ఇంటికొచ్చిన లాజరస్‌ను చూసి భార్య ఆనందకుమారి, “ఏటిది, మళ్ళీ ఏటి మానమన్నారు?” అని అడిగింది.

ఎనిమిది నెలలకు రెండో మెయిల్ వచ్చింది. వినియోగదారుల ఆకాంక్ష మేరకే రియర్ వీల్ డ్రైవ్‌ను విరమిస్తున్నారట. సెడాన్లన్నీ ముందు చక్రాలకు మారతాయట. ఇన్నాళ్ళ సహకారానికి కృతజ్ఞతలట. ఆ కింద ఇంకో వాక్యం ఉంది: కొత్త భాగాల పని కావలసినవారు ముప్పై రోజుల్లోగా రాయాలి. శివశంకర్ కృతజ్ఞతల దాకా చదివి కళ్ళు తుడుచుకున్నాడు. అంత పెద్ద కంపెనీయే డ్రైవ్ ముగిసిందని థాంక్స్ చెప్పాక, ముగింపు సభ పెట్టకపోతే ఏం మర్యాద?

ముందు చక్రాల బండికి ఆ షాఫ్టే ఉండదు. షాఫ్టు లేకపోతే ముక్క లేదు, ముక్క లేకపోతే నలభైమందికి గేట్ పాస్ లేదు. బోర్డుకు అంటించిన మెయిల్‌ను ఆఖరి వాక్యం దాకా చదివిన లాజరస్, ఆ సంగతి చెప్పడానికి ఐదుసార్లు శివశంకర్ గదికి వెళ్ళాడు. ఫంక్షన్ అయ్యాక చూద్దామన్నారు. ఫంక్షన్ ఇరవై తొమ్మిదో రోజున పెట్టారు. అందులో అతనికి ‘డ్రైవ్ రత్న’ బిరుదిచ్చి మైకు అందించారు.

“మన ముక్క ఇంక ఎవులికీ అక్కర్లేదు,” అన్నాడు లాజరస్.

సభ చప్పట్లు కొట్టింది. మైకు దగ్గరి మనిషి ఆగినచోటల్లా కొట్టడం అక్కడి అలవాటు.

“రేపటిలోగా ఉత్తరం రాయకపోతే మన నలభైమందికీ పని పోతాది.”

మరింత గట్టిగా కొట్టారు. మూడో వాక్యం అనేలోగా లంచ్ ప్యాకెట్లు వచ్చాయి, జనం లేచారు. లాజరస్ కూడా వెళ్ళి లైన్లో నిలబడ్డాడు. బిర్యానీ బాగుంది. ఆ మాట అతను ఇప్పటికీ ఒప్పుకుంటాడు.

ముప్పయ్యో రోజున శివశంకర్ గడువు తప్పకుండా జవాబు పంపాడు: ముగింపు సభ ఫొటోలు, నలభై ఆరు. ఇంతటి అంకితభావం ప్రపంచంలో ఎక్కడా చూడలేదని అమెరికా నుంచి సమాధానం వచ్చింది. పని ఇంకెవరికో ఇచ్చేశారు గానీ, ఆ ప్రతిజ్ఞను మాత్రం వీడియో తీసి పంపమన్నారు. తమ కార్మికులతోనూ చేయిస్తారట.

అప్పటికి వారమైంది, లాజరస్ గేట్ పాస్ చెల్లకుండా పోయి. పద్నాలుగేళ్ళుగా తెరుచుకున్న గేటు తెరుచుకోకపోయేసరికి అతనికి ఏడుపొచ్చింది, అక్కడే నిలబడి ఏడ్చాడు. వీడియోకు రమ్మని శివశంకర్ ఫోన్ చేస్తే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

“పనే తీసేసినారు కదా, ప్రతిజ్ఞకెందుకు ఎల్తన్నావు?” అంది ఆనందకుమారి.

“విజిటర్ పాసైనా పాసే కదేటి,” అన్నాడు లాజరస్.

లోపల కెమెరా ముందు అతను కుడిచేయి చాచి మైకులో మొదలుపెట్టాడు. పని అడగడానికి వచ్చి గేటు బయట నిలబడ్డ ముప్పై తొమ్మిది మంది ఆ గొంతు వినగానే అలవాటుగా చేతులు చాచారు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. ముందు ఆ కుడిచేయి దించుకోండి. లంచ్ ప్యాకెట్లు అయిపోయాయి.