బాలమల్లు కుక్కుటసంగ్రామము, ఉభయపక్షముల గ్లైకోజెన్ వ్యయము

గోదావరికి ఉత్తరపు గట్టున, బొగ్గుధూళి ధూసరితమైన నస్పూర్ కాలనీ క్వార్టర్ల నడుమ, ఒకానొక ఆదివారమున, దినకరుడు నీళ్లట్యాంకు నెత్తికెక్కిన వేళ, కృష్ణాంగారఖనిసంచారియు, గంగుబాయీప్రాణవల్లభుడును, పొద్దెక్కి లేచినవాడునునగు బాలమల్లు పెరటిలోని కోడిగంపను ఎత్తెను. ఎత్తరాదు. చీకటుండగనే, కోడి నిద్రలోనుండగనే, మెల్లగ చెయ్యిపెట్టి పట్టవలెనని గంగుబాయి రాత్రియే చెవినిల్లు కట్టుకొని చెప్పెను. చెప్పగా విన్న మొగుడు ఏ కథలోనైన కలడా?

ఆ కోడిమీద ఎంత భారమున్నదో వినుడు. గంగుబాయి తమ్ముడు రాజము గృహప్రవేశమునాడు, నిండుపంక్తిలో కూర్చుండి "కూర బూటుతోలు లెక్కున్నది" అని నోరుజారిన ఘనుడు ఈ బాలమల్లే. నాటినుండి బామ్మర్ది ఈ గడప తొక్కలేదు. అక్క ఏడ్చి మొత్తుకొని ఫోన్లమీద ఫోన్లు చేయగా, నేటి మధ్యాహ్నము నాటుకోడి భోజనమునకు రానొప్పుకొనెను. కూర మెత్తగ ఉడికెనా, తమ్ముడు దక్కును. ఉడకలేదా, ఇక అక్కాతమ్ముళ్ల మాటలు బందు.

గంప లేచినంతనే తామ్రచూడుడు, చరణాయుధుడు, ప్రాతఃకాలఘోషణాధురంధరుడునగు ఆ పుంజునకు ప్రాణభయము పుట్టెను. భయము పుట్టగనే అడ్రినలిన్ అను దూత నెత్తుటిలో దౌడుతీసి "గాదెలు తెరువుడు" అని ఆజ్ఞాపించెను. తిన్ననాటి చక్కెరను పూసలుగ గుచ్చి, కొమ్మలుకొమ్మలుగ అల్లి, గ్లైకోజెన్ అను పేర కాలేయమందును కండరములందును దాచుకొనుట జంతుకోటి ఆచారము గదా. కాలేయము ధర్మదాత, దాచినదానిని నెత్తుటిలో వదలి ఒళ్లంతటికి పంచును. కండరములో, తమ గాదెలోని గింజను పక్కవానికి విదల్చని పిసినారులు. అల్లిన పూసలు తెగుచుండగా, పొద్దుటినుండి జొన్నలు మెక్కిన పుంజు గోడెక్కెను.

మన వీరుడో, బామ్మర్దితో దండిగ తినవచ్చునని పొద్దుటి ఉప్మా మానినవాడు. రాత్రంతయు అతని మెదడును పోషించి కాలేయపు ఖజానా అప్పటికే సగమైనది. గంగుబాయి వంటింటి కిటికీనుండి చూచి "చీకటితోని పట్టుమంటె ఇన్నవా? ఇగ ఉరుకు" అనెను.

బాలమల్లు గోడక్రింద నిలిచి, లుంగీ ఎగజెక్కి, గంభీరస్వరమున పలికెను: "ఓ కోడీ, పిల్లప్పటిసంది నిన్ను నూకలేసి సాదిన. గియ్యాల మా బామ్మర్ది వస్తుండు. నా ఇజ్జత్ నీ చేతులున్నది. జర దిగు."

కోడికి చేతులు లేవు, కాళ్లున్నవి. వానినే వాడెను. పక్కింటి సత్తమ్మ ఆరబెట్టిన వడియాలమీదుగ, దండెపు చీరల క్రిందుగ, ఆగిన ఆటో చుట్టును ఇరువురును పరుగెత్తిరి. కండరములకు ఊపిరి చాలక, గాదెలోని సరుకు అరకొరగ కాలి, బాలమల్లు తొడలలో కారము పూసినట్లు మంటలెగసెను. తుదకు రెండు గోడల మూలన పుంజు రెక్కలు వాల్చి ముక్కు తెరిచి నిలిచెను. దానిముందే బాలమల్లు నోరు తెరిచి కూలబడెను. కొంతసేపటికి ముందు చెయ్యి చాపగలిగినవాడు అతడే.

చంకనబెట్టుకొని కోయించుటకు తీసుకొనిపోగా, చికెన్ దుకాణపు జబ్బార్ కోడిని నిమిరి చూచి "గిది ఉరికిందా?" అనెను.

"జరంత."

"జరంత కాదు మల్లన్నా. ఉరికురికి కండల్ల సత్తువంత కాలబెట్టుకున్నది. గిప్పుడే కోస్తె కూర నల్లగ, గట్టిగైతది. నీళ్లు తాపి, జొన్నలేసి రేపటిదాంక పండనియ్యి."

బాలమల్లు కోడిని మరల చంకనెత్తెను. ఇంటికి పోవుసరికి రాజము అరుగుమీద కూర్చుండియే యున్నాడు. అబద్ధమాడుటకును ఒంట్లో సత్తువ లేదు. కనుక మహావీరుడు నిజము చెప్పెను.

"రాజం, ఇయ్యాల కూర లేదు. కోడిని ఉరికిచ్చిన. ఉరికిన కోడి గట్టిగుంటదట. ఆనాడు నలుగుట్ల నిన్ను గట్ల అనుడు నాదే తప్పు, మనసుల వెట్టుకోకు."

 రాజము మెల్లగ నవ్వెను. "గందుకేనా బావా. ఆనాడు మా కోళ్లు గూడ గంపల్లకెల్లి తప్పిచ్చుకున్నయి. వాడంత ఉరికిచ్చి పట్టి కోసినం. నేను మసాలా తప్పనుకొని ఇంటామెను తిట్టిన."

గంగుబాయి కొంగుతో కండ్లు తుడుచుకొనుచు టమాటపప్పు వడ్డించెను. బావయు బామ్మర్దియు ఒకే పంక్తిన కూర్చుండి తినిరి. గంపక్రింద పుంజు జొన్నలు మేయుచు, ఖాళీ గాదెలలో పూసపూస మరల గుచ్చుకొనుచుండెను. చెయ్యి కడుగుకొని రాజము అక్కవైపు తిరిగి "బావది ఒక లుంగీ ఇయ్యక్కా, రేపు కూర తిని పోత" అనెను.

ఇట్లు శరీరమందలి గ్లైకోజెన్ సర్వస్వమును ధారపోసి బాలమల్లు గెలిచిన ఘనవిజయమేమనగా, కోడికి ఒకరోజు ఆయుష్షు, ఇంట ఒక రాత్రి చుట్టము, ఉతికిన లుంగీ ఒకటి తక్కువ.