చెవులు బాగా వచ్చాయి

ఫొటోలో మొహం స్పష్టంగా రావాలని కోరుకునేవాళ్ళంటే నాకు జాలి. మొహం రోజూ చూస్తున్నదే కదా! దానికి కెమెరా ఎందుకు, కళ్ళు చాలవూ?

నాది రేంజ్‌ఫైండర్ కెమెరా. దాని లెన్సుది చీకటిగదిలో కూడా ఫొటో తీయగలిగేంత పెద్ద కన్ను. ధర కూడా ఆ కంటికి తగ్గట్టే ఉంటుంది. ఈ కెమెరాలో లెన్సులోంచి చూడం, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. అందులో మనిషి రెండుగా కనిపిస్తాడు. రింగు తిప్పి ఆ ఇద్దర్నీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరిందని లెక్క. లెన్సు ఏం చేస్తోందో కిటికీకి తెలియదు, కిటికీ ఏం చూసిందో లెన్సుకి పట్టదు. చాలా కాపురాలు ఇలాగే నిక్షేపంగా సాగిపోతున్నాయి.

ఇందులో ఒక విశేషం ఉంది. లెన్సు కన్ను పూర్తిగా తెరిస్తే ఫోకస్ పెట్టినచోటే ఉంటుంది. వెలుతురు ఎక్కువైందని ఆ కన్ను కాస్త మూశామా, చెప్పాపెట్టకుండా నాలుగు వేళ్ళు వెనక్కి జరుగుతుంది. మనం కంటికి పెడతాం, అది చెవికి తగులుతుంది. దీన్ని ఫోకస్ షిఫ్ట్ అంటారు. గిట్టనివాళ్ళు లోపం అంటారు. మాలాంటివాళ్ళం లెన్సు వ్యక్తిత్వం అంటాం. చవక లెన్సులకి వ్యక్తిత్వం ఎక్కడ ఏడ్చింది? పెట్టినచోట పడి ఉండడమే వాటికి తెలుసు!

దీనివల్ల కలిగిన లాభాలు ఇన్నీ అన్నీ కావు. మా పెద్దక్క కమ్మలో రాయి ఊడిపోయిందని నా ఫొటో చూశాకే తెలిసింది. రాయి సోఫా కింద దొరికింది. మా తోడల్లుడి మొహంలో ముడతలన్నీ మాయమయ్యాయి. ఆయన మురిసిపోయి దాన్నే ప్రొఫైల్ ఫొటోగా పెట్టుకున్నాడు. వెనకనున్న కర్టెన్‌లో మాత్రం పోగు పోగూ కనిపిస్తుంది.

ఒకసారి బలహీన క్షణంలో మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన లెన్సుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“తెరిచినప్పటికి సరిచేస్తే మూసినప్పుడు తప్పుతుంది సార్. మూసినప్పటికి సరిచేస్తే తెరిచినప్పుడు తప్పుతుంది. ఎక్కడ తప్పాలో మీరే చెప్పండి,” అన్నాడు.

తప్పు ఎక్కడ జరగాలో మనల్నే ఎంచుకోమనే మర్యాద ఈ రోజుల్లో ఎవరికుంది? ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను.

ఈలోగా ఇంట్లోవాళ్ళే సర్దుకున్నారు. నేను రింగు తిప్పడం ఆపగానే అందరూ ఒక్కసారిగా కాస్త వెనక్కి వాలతారు, ఫోకస్ మొహాల మీద పడుతుందని. ఇది అలవాటై, మా అమ్మాయి ఐడీ కార్డు ఫొటోకి వెళ్ళినప్పుడు కూడా అలాగే వాలిందట. మెడనొప్పా అమ్మా అని స్టూడియో ఆయన పాపం కంగారుపడ్డాడట.

ఇలా హాయిగా ఉండగా మా ఆవిడకి ప్రమోషన్ వచ్చింది. తను పనిచేసే లైబ్రరీకి ఇప్పుడు తనే పెద్ద. అక్కడ హాల్లో పెద్దలందరి ఫొటోలూ వరసగా వేలాడుతుంటాయి, అన్నీ మీసాలున్నవే. ఆ వరసలో తన ఫొటో కూడా పెడతారట, మంచిది ఒకటి ఇవ్వమంది. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఫొటో అడగడం అదే మొదలు.

మా ఇంట్లో ఫొటోలకి కొదవా! అట్టపెట్టెలన్నీ దించాను. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఎడమ చెవి. సముద్రం ఒడ్డున ఆవిడ జడ. అమ్మాయి పుట్టిన రోజున ఆసుపత్రి దిండు, గలీబు మీద అచ్చేసిన నంబరు కూడా చదువుకోవచ్చు. ఆవిడ అన్నీ ఓపిగ్గా చూసింది.

“వీటిల్లో నేనెక్కడున్నానండీ?” అని అడిగింది.

కళాత్మకం అన్నాను. అని మళ్ళీ పెట్టెల్లో వెతకడం మొదలుపెట్టాను.

చివరికి అట్టడుగున ఒకటి దొరికింది. ఏం ఫొటో అది! కనురెప్పల వెంట్రుకలతో సహా మొహం అద్దంలో చూసినట్టుంది. లెన్సు కొన్న రోజుది. పరీక్షించడానికని న్యూస్‌పేపరు గడ్డం కింద పట్టుకుని కదలకుండా నిలబడమన్నాను. నేను ఫోకస్ పెట్టింది పేపర్లో అక్షరాలకి. అవి అలుక్కుపోయాయి. వెనకనున్న ఆవిడ మొహం మాత్రం స్పష్టంగా వచ్చింది. స్టవ్ మీద ఏదో మాడుతోందని తను చెబుతుంటే, ఒక్క నిమిషం అని నేనన్నట్టు ఆ మొహంలో తెలుస్తూనే ఉంది.

ఆవిడ దాన్నే ఎంచుకుంది. కింద పేపరున్న భాగం కత్తిరించేసి ఫ్రేమ్ కట్టించారు. గోడకి తగిలించిన రోజున నేనూ వెళ్ళాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఎవరు తీశారు మేడమ్ అని గుమాస్తా ఒకాయన అడిగాడు.

“మావారే. ఆయన పేపర్ని ఫొటో తీస్తుంటే నేను అడ్డొచ్చాను,” అంది మా ఆవిడ.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

పాఠకులారా, ఇంతసేపూ వ్యక్తిత్వం అదీ ఇదీ అని ఏదో వాగాను, మనసులో పెట్టుకోకండి. అది లోపమే, పచ్చి లోపం, అదీ లెన్సుదే! మీలో ఈ సంగతి తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఒక్కసారి మా ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పండి. నేను చెబితే నమ్మడం లేదు.