తొమ్మిదో స్టేషన్ కట్టినదెవరు

ఆ మంగళవారం ఉదయం మరామా టిపెనె పెట్టుకున్న పని చాలా చిన్నది. సగంలో ఆగిన చేపలవేట గేమ్ సమీక్షను పదకొండింటికల్లా ముగించాలి, కింద బేకరీలో చీజ్ రోల్స్ అయిపోకముందే రెండు తెచ్చుకోవాలి. డనీడిన్ నగరంలో ఒక మేడ మీద ఇద్దరే నడిపే వీడియో గేముల పత్రిక అది. కాగితం మీద రావడం మానేసి ఏడేళ్లయింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే వస్తోంది, అదీ ఎన్నాళ్లో చెప్పలేం.

సమీక్ష మూడో పేరాలో ఉండగా ఎడిటర్ ఫెర్గస్ లూమ్స్ తడిసిన కోటుతోనే వచ్చి ఆమె బల్ల మీద కూర్చున్నాడు. ‘తొమ్మిదో స్టేషన్’ను హాలీవుడ్ వాళ్లు సినిమాగా తీస్తున్నారట. 1987లో ఈ ఊళ్లోనే ఎవరో తయారు చేస్తే, ఒక కంపెనీ క్యాసెట్ల మీద అమ్మిన గేమ్ అది. శనిగ్రహం చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో అట్టడుగు నుంచి ఏదో నల్లటి ద్రవం పైకి వస్తుంటుంది. ఆడేవాడు ఒక్కొక్క వాల్వూ మూసుకుంటూ ప్రాణం దక్కించుకోవాలి. దేశదేశాల్లో దానికి పిచ్చి అభిమానులున్నారు. తయారు చేసిందెవరో మాత్రం ఎవరికీ తెలియదు.

“ఆ మనిషిని అందరికంటే ముందు మనం పట్టుకోవాలి. లేదంటే వచ్చే నెల నుంచి నువ్వూ నేనూ వేరే పని వెతుక్కోవాలి” అన్నాడు ఫెర్గస్.

మరామా ఆ గేమ్ ఎప్పుడూ ఆడలేదు. ఆడాలంటే ముందు టేప్ రికార్డర్ కావాలి. ఇంటర్నెట్‌లో అర పేజీ చదివి, ఊరి వాళ్లంతా పోయిన పిల్లుల ఫొటోలు పెట్టుకునే పేజీలో ఒక ప్రశ్న పెట్టింది. ‘తొమ్మిదో స్టేషన్‌ను నిర్మించిన మనిషి మన ఊళ్లోనే ఉన్నారట. ఎవరో తెలుసా?’ ఇరవై నిమిషాల్లో జోస్లిన్ అనే ఆవిడ జవాబిచ్చింది. ‘మా నాన్నే. ఇన్నాళ్లకు ఒకరు అడిగారు.’

ఆ నాన్న పేరు క్లైవ్ రెన్నిక్. ఎనభై రెండేళ్ల మనిషి, కొండ మీదికి నిటారుగా ఎక్కే వీధిలో చివరి ఇల్లు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. తలుపు తీసేసరికే టై కట్టుకుని ఉన్నాడు. టీ పోసి, బిస్కెట్ల డబ్బా ముందుకు జరిపి, ఏం కావాలన్నా అడగమన్నాడు. ఎన్నేళ్లు పట్టిందని మరామా అడిగితే పదకొండేళ్లన్నాడు. ఈ ఆలోచన ఎలా వచ్చిందంటే, ఒక పెద్ద వాన చూశాక వచ్చిందన్నాడు. అందులో శత్రువనేవాడు కనిపించడేమని అభిమానులు నలభై ఏళ్లుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు. అదీ అడిగింది.

“శత్రువు వేరే ఎక్కడుంటాడమ్మా? మనుషులే. ఏది పడితే అది లోపలికి వదిలేస్తారు. అది మళ్లీ పైకి వస్తుందని ఎవడూ అనుకోడు.”

మరామా ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీసింది. చివరికి అట్టడుగున ఏం మిగులుతుందని అడిగింది.

పెద్దాయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. “కొవ్వు. గుడ్డపేలికలు. ఒకసారి కట్టుడుపళ్లు కూడా” అన్నాడు.

బుధవారం ఇంటర్వ్యూ వెలువడింది. గురువారానికి అరవై దేశాల వాళ్లు చదివారు. ‘కొవ్వు’ అంటే ధనికదేశాల దురాశేనని ఒకాయన పెద్ద వ్యాసం రాశాడు. కట్టుడుపళ్లు నాగరికత తాలూకు అబద్ధపు చిరునవ్వని ఇంకొకాయన ఆయన మీద విరుచుకుపడ్డాడు. సినిమా దర్శకుడు రాసిపెట్టుకున్న రాక్షసుణ్ణి తీసేసి స్క్రిప్టు మళ్లీ మొదలుపెట్టాడని కబురొచ్చింది. అభిమానులు కొండెక్కి వచ్చి క్లైవ్ గుమ్మం ముందు నిలబడుతున్నారు. ఆయన ప్రతి సంతకం కిందా ‘వంటనూనె సింకులో పొయ్యకండి’ అని రాసిచ్చాడు. శుక్రవారానికి ఆ మాటతో చొక్కాలు అచ్చయ్యాయి.

నాన్న మళ్లీ గడ్డం గీసుకుంటున్నాడనీ, పాటలు కూడా పాడుతున్నాడనీ జోస్లిన్ ఫోన్ చేసి చెప్పింది. మరామా కూడా సంతోషపడింది. ఆ సంతోషంలోనే, తన స్టేషన్ చూపిస్తానని క్లైవ్ పిలిస్తే శుక్రవారం మధ్యాహ్నం వెంట వెళ్లింది. పాత కంప్యూటర్ ఏదో చూపిస్తాడనుకుంది. ఆయన ఆమెను హార్బరు పక్కనున్న ఒక బూడిదరంగు కట్టడం దగ్గరికి తీసుకెళ్లి, గోడ మీది పలకను రుమాలుతో తుడిచాడు. ‘మురుగునీటి పంపింగ్ స్టేషన్ నం. 9’ అని ఉంది.

“లోపల నాలుగు పంపులు. మూడు నేను బిగించినవే” అన్నాడు గర్వంగా.

మరామా అన్నీ చూసింది. బాగుందంది. ఆఫీసుకు వెళ్లి ఫెర్గస్‌కు సంగతి చెప్పింది. అతను, రేపు సాయంత్రం టౌన్‌హాల్లో సినిమావాళ్ల ప్రకటన సభ ఉందనీ, ముఖ్య అతిథిగా క్లైవ్ పేరే వేశారనీ, టికెట్లన్నీ అయిపోయాయనీ చెప్పాడు. సభ అయ్యేదాకా నోరు మూసుకుంటే ఏమవుతుందని కూడా అడిగాడు. అడిగిన మరుక్షణం తనే సిగ్గుపడి కిటికీ వైపు తిరిగాడు.

శనివారం మధ్యాహ్నం మరామా మళ్లీ ఆ కొండెక్కింది. క్లైవ్ తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆమె మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అదొక గేమ్ అని, అంతరిక్షమని, తప్పంతా తనదేనని, గేమ్ ఆడకుండానే ఇంటర్వ్యూకి వచ్చానని. ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

“అయితే వాళ్లెవరూ డ్రైనేజీ గురించి అడగలేదన్న మాట.”

“లేదండీ.”

“నాకూ కొంచెం విచిత్రంగానే అనిపించిందిలే. ఒక కుర్రాడైతే ఏడ్చాడు కూడా.” లేచి కాలరు ఇస్త్రీ చెయ్యడం పూర్తి చేశాడు. “పద. నేనే చెప్తాను. నువ్వు చెప్తే నిన్ను తిడతారు. ముసలివాణ్ణి, నన్నేమంటారు?”

హాలు కిటకిటలాడుతోంది. క్లైవ్ మైకు ముందు నిలబడి తన పేరు చెప్పి, తాను కట్టింది మురుగు పంపులనీ, ఈ గేమ్ జన్మలో చూడలేదనీ, పొరపాటుగా అర్థం చేసుకుని మీ అందరి అభిమానం తీసుకున్నాననీ, క్షమించమనీ అన్నాడు. సినిమా కంపెనీ మనిషి చేతిలోని పూలగుత్తిని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

అప్పుడు నాలుగో వరసలో ఒక ముసలావిడ చేతికర్ర పట్టుకుని లేచింది.

“క్షమాపణ చెప్పాల్సింది నేను, రెన్నిక్ సార్. వెర్నా ఆల్డస్‌ని. మీ డ్రైనేజీ ఆఫీసులో టైపిస్టుని.”

క్లైవ్ కళ్లు చిట్లించి చూశాడు. “వెర్నా? నువ్వా?”

ఏళ్ల తరబడి ఆయన నివేదికలన్నీ తానే టైపు చేశానని ఆవిడ హాలంతటికీ చెప్పింది. ఏ వాల్వు ముందు మూయాలి, ఏది ఆలస్యమైతే ఏ అంతస్తు మునుగుతుంది, అన్నీ అందులోనివే. అవి టైపు చేస్తుంటే భయమేసేదట. ఆ స్టేషన్నే తీసుకెళ్లి శనిగ్రహం దగ్గర పెట్టిందట, అంతే. పేరెందుకు వేసుకోలేదని వేదిక మీది నుంచి ఎవరో అడిగారు. గేమ్ మొత్తం ఆఫీసు కంప్యూటర్‌లో, ఆఫీసు వేళల్లో రాశానని, పింఛను ఆపేస్తారేమోనని ఇన్నేళ్లూ భయపడ్డానని ఆవిడ చెప్పింది.

“ఆ గేమ్‌లో నాది ఒక్క శనిగ్రహమే సార్. మిగతాదంతా మీ మురుగే.”

ముందు ఎవరో నవ్వారు. తరవాత హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. క్లైవ్ కిందికి దిగి ఆవిడ దగ్గరికి నడిచాడు. ఏం చెయ్యాలో తోచక చెయ్యి కలిపి, తన నివేదికలు అంత శ్రద్ధగా చదివినవాళ్లు ఒక్కరున్నారని తెలిస్తే ఇంకో రెండు రాసేవాణ్ణన్నాడు. పూలగుత్తి మళ్లీ ముందుకొచ్చింది. మరామా గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది. ఇంటర్వ్యూలో ఒక్క ముక్క కూడా దిద్దనవసరం లేదని ఫెర్గస్ ఆమె చెవిలో రెండుసార్లు చెప్పాడు.

ఏడాదిన్నర తరవాత సినిమా విడుదలైంది. కథ తేలిపోయిందని, నటన అంతంతమాత్రమని, పైపులు మాత్రం కళ్లు చెదిరేలా ఉన్నాయని విమర్శకులందరూ రాశారు.