శిఖర హోదా

నిడదవోలు ఫుట్‌బాల్ జట్టు రామచంద్రపురం చేతిలో ఆరు సున్నాతో ఓడి లీగులో అట్టడుక్కి చేరిన రోజునే, క్లబ్ అధ్యక్షులు పెద్దిరాజు గారు మైకు తెప్పించి ఆ చరిత్రాత్మక ప్రకటన చేశారు.

"సోదర సోదరీమణులారా! ఈ క్షణం నుంచి మన క్లబ్బుకి శిఖర హోదా!"

గోల్‌కీపర్ ప్రేమ్ కుమార్ మోచేతి బురద కడుక్కుంటూ ఆ మాట విన్నాడు. ఆరు గోల్సూ తన పక్కనుంచే వెళ్లాయి కాబట్టి, మర్యాదగా కాస్త ఆలస్యంగా చప్పట్లు కొట్టాడు.

"పాయింట్లలో ఆఖర్న ఉన్నాం కదండీ?" అన్నాడో విలేకరి.

"పాయింట్లు ఆటగాళ్లు తెచ్చేవి. హోదా మేం ఇచ్చేది. రెండూ కలిపెయ్యకండి."

పెద్దిరాజు గారు అధికార పార్టీ నాయకులు. లీగు పాలకమండలికీ ఆయనే అధ్యక్షులు. హోదా అడిగినవారూ ఇచ్చినవారూ ఒకరే కావడంతో పని మధ్యాహ్నం భోజనంలోపే అయిపోయింది. మన రాష్ట్రంలో ఒక హోదా ఇంత తొందరగా రావడం ఎవరూ ఎరగరు.

వారం తిరక్కుండా గోవాలో ఒక రెండో డివిజన్ క్లబ్ ప్రేమ్ కుమార్‌ని రమ్మంది. మ్యాచ్ వీడియో చూసిన అక్కడి మేనేజర్‌కి ఆరు గోల్స్ ఎలా పడ్డాయని కాదు, ఆరే ఎలా పడ్డాయని ఆశ్చర్యం. నెలాఖరులోగా చేరాలన్నాడు. ముప్పై దాటిన గోల్‌కీపర్‌ని రెండోసారి ఎవరూ పిలవరు. చర్చి వెనక ఇసుకలో డైవింగ్ నేర్పిన తండ్రి జ్ఞానప్రకాశం మాస్టారు ఉంటే ఈపాటికి పెట్టె సర్దేసేవారు. ఆయన లేరు కాబట్టి తల్లి సంపూర్ణమ్మ సర్దింది. ఇక కావలసింది పెద్దిరాజు గారి అనుమతి ఒక్కటే.

"ఆ క్లబ్ హోదా ఏంటి?" అని అడిగారాయన.

"రెండో డివిజన్ అండి. మనం ఆడేది జిల్లా లీగే కదండీ..."

"మనది శిఖరమయ్యా! శిఖరం మీంచి ఎటు కదిలినా కిందికే. నా చేతులతో నేను నిన్ను పడెయ్యగలనా?"

"నా ఉద్యోగమే పడటం కదండీ."

పెద్దిరాజు గారు కదిలిపోయారు. "చూశావా ఎంత వినయమో! ఇలాంటివాణ్ణి చచ్చినా వదలకూడదు," అన్నారు పీఏ శ్యాంబాబుతో.

శిఖర హోదా ఆటగాడు సమాన హోదా ఉన్న క్లబ్బుకే మారాలని సాయంత్రానికి నిబంధన వచ్చింది. అలాంటి క్లబ్ ఇంకొక్కటే ఉంది. జంగారెడ్డిగూడెంలో, పెద్దిరాజు గారి బావమరిదిది. అక్కడికి మారిన ఫార్వర్డ్ సురేష్‌బాబుకి ప్రేమ్ కుమార్ ఫోన్ చేశాడు.

"గ్రౌండ్ ఎలా ఉందిరా?"

"గ్రౌండ్ ఇంకా రాలేదు గానీ హోదా వచ్చేసింది. పామాయిల్ తోటలో ప్రాక్టీసు. బంతి చెట్టుకి తగిలితే పాస్ కింద లెక్క."

"అక్కణ్ణుంచి గోవా వెళ్లొచ్చా?"

"నిడదవోలు వెళ్లొచ్చు. నేను రెండుసార్లు వెళ్లొచ్చాను."

"పోనీ ఆ హోదా తీసెయ్యమని అడుగు, నాన్నా," అంది సంపూర్ణమ్మ.

అడిగాడు. మర్నాడు రైల్వే స్టేషన్ ఎదుట రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. ఒక్క మ్యాచ్ కూడా చూడని పెద్దమనుషులు 'హోదా మా ఊపిరి' అని బ్యానరు కట్టి కూర్చున్నారు. దారిన పోతున్న ప్రేమ్ కుమార్‌ని ఆపి, సంఘీభావం చెప్పించుకున్నారు.

నెలాఖరు ఎల్లుండి అనగా, పెద్దిరాజు గారు పార్టీ మారారు. ఆటగాళ్లంతా జెర్సీలతో సభకి రావాలని కబురొచ్చింది. ఆయన చేరుతున్న పార్టీకి జిల్లాలో వార్డు మెంబరైనా లేడు.

"అధికార పార్టీలోంచి ఇందులోకి రావడం కిందికి దిగడం కాదా అండీ?" అన్నాడు విలేకరి.

"కదిలేవాడికి పైనేంటి, కిందేంటి?" గర్జించారు పెద్దిరాజు గారు. "హోదా పేరు చెప్పి మనిషిని కట్టిపడేసే రోజులు పోయాయి!"

ప్రేమ్ కుమార్ ఒక్క గెంతులో వేదిక ఎక్కాడు.

"అయ్యా, ఇదే మాట నా విషయంలో కూడా..."

"రావయ్యా రా! నీకు అనుమతి ఇచ్చేశాను, ఫో!" అంటూ ఆయన ప్రేమ్ కుమార్‌ని దగ్గరకి లాక్కున్నారు. ఆ ఊపులో పార్టీ పెద్దలెవరో అతని మెడలో కూడా ఒక కండువా వేశారు. పెద్దిరాజు గారు అతని చెయ్యి పట్టుకుని పైకెత్తారు. ప్రేమ్ కుమార్‌కి కళ్లనీళ్లు తిరిగాయి. ఫొటోలో అవి చాలా బాగా పడ్డాయి. సాయంత్రానికి ఆ ఫొటో అందరి ఫోన్లలోకీ వెళ్లింది.

మర్నాడు గోవా నుంచి మెసేజ్ వచ్చింది. అక్కడి మేనేజర్‌కి తెలుగు రాదు.

'కొత్త క్లబ్‌లో చేరినందుకు అభినందనలు. ఫొటో చూశాం. మా దగ్గరా అంతే, చేరిన ఆటగాడికి క్లబ్ కండువా వేసే ఫొటో తీస్తాం. మీ కన్నీళ్లు చూస్తే అది ఎంత గొప్ప క్లబ్బో తెలుస్తోంది. మీ స్థానంలో ఇంకొకరిని తీసుకున్నాం. ఇంతకీ, మీది ఏ డివిజన్?'