వేవ్ పూల్‌లో అర కిలో పసుపు

ఆ ఉదయం కళ్యాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోపు యాభై కాగితాలు నింపించాలి. సాయంత్రం నాలుగింటికి వాటిని యజమానురాలి చేతిలో పెట్టాలి. ఈ మధ్యలో తన తల్లి ఎవరితోనూ ముచ్చట పెట్టకుండా చూసుకోవాలి. మూడింటిలో మూడోదే కష్టమని ఆమెకు ముందే తెలుసు.

కళ్యాణి పనిచేసేది కొత్వాల్‌గూడ దాటాక వచ్చే 'సప్తతరంగ' అనే థీమ్ పార్క్ రిసార్టులో. ఏడు స్లైడ్లు, యంత్రంతో అలలు లేచే ఒక వేవ్ పూల్, వాటిని ఆనుకుని నాలుగంతస్తుల హోటలు. అందులో అతిథుల మంచిచెడ్డలు కనుక్కునే డెస్కు ఆమెది. ఆరు నెలల ప్రొబేషన్ ఆ రోజుతో అయిపోతుంది. ఇంతలో ఎవరో వచ్చి యజమానురాలు వేదవతి గారికి ఒక టచ్‌స్క్రీన్ తెర చూపించారు. దాన్ని రిసెప్షన్ పక్కన నిలబెడితే, వచ్చినవాళ్ళు వేలితో నొక్కి తమ అభిప్రాయం చెప్పేస్తారట. దానికి టీ అక్కర్లేదు, సెలవు అక్కర్లేదు, ఊళ్ళో మేనత్త కూతురి పెళ్ళిళ్ళుండవు. కళ్యాణిని ఉంచాలా, తెరను తేవాలా అన్నది ఆ సాయంత్రం తేలుతుంది.

"చూడమ్మా కళ్యాణీ, మన హోటలుకి ఎవరెందుకు వస్తున్నారో మేడమ్ గారికి స్పష్టంగా తెలియాలి. అంతా నీ చేతుల్లోనే ఉంది," అన్నాడు మేనేజరు రాజారావు. ఆయనది భీమవరం. హైదరాబాదు వచ్చి పాతికేళ్ళయినా మాటకు పెట్టిన ఇస్త్రీ మడత నలగలేదు. కాగితం మీది ప్రశ్న ఆయన స్వయంగా రాసిందే. 'మా హోటలుకు మీరెందుకు వచ్చారు?' అని పైన, దాని కింద స్లైడ్లు, వేవ్ పూల్, భోజనం, గది, విమానాశ్రయానికి దగ్గర అని ఐదు గడులు. అన్నిటికన్నా అడుగున 'ఇతరములు' అని ఒక గీత.

ఉద్యోగుల తల్లిదండ్రులకు ఒక రాత్రి ఉచితంగా గది ఇస్తారు. ప్రొబేషన్ దాటేలోపు వాడుకోకపోతే అది పోతుంది. అందుకే ముందు రోజు సాయంత్రం కందుకూరు దగ్గరి పల్లె నుంచి బిక్షం, శివమ్మ దిగారు. బిక్షం చేతిలో ఒక సంచి, శివమ్మ చేతిలో మూడు. బిడ్డ పనిచేసే చోటికి ఒట్టి చేతులతో ఎలా వస్తారు? సకినాలు, మలీద ముద్దలు, చింతకాయ తొక్కు, పసుపు, కుంకుమ, రెండు రైకగుడ్డలు. రిసెప్షన్లో పిల్ల గదికార్డు ఇస్తుంటే శివమ్మ ఆ పిల్లకు బొట్టు పెట్టి మరీ తీసుకుంది.

"అమ్మా, ఇయ్యాల నాకు శానా పనుంది. జర ఎవరితోని ఎక్కువ మాట్లాడకు," అని పొద్దున్నే చెప్పింది కళ్యాణి.

"నేనెందుకు మాట్లాడ్త బిడ్డా. గా నీళ్ళు జూసొస్త, అంతే," అంది శివమ్మ.

"బాపు?"

"చల్లగాలి మిషన్ ముంగట దుప్పటి గప్పుకొని పన్నడు. యాభై ఏండ్ల నిద్ర బాకీ ఉన్నట్టున్నది."

టిఫిను వేళకు కళ్యాణి కాగితాలతో బల్లల మధ్య తిరిగింది. నల్లగొండ నుంచి కవల పిల్లలతో వచ్చిన కుటుంబం చట్నీ చేత్తోనే ఐదు గడుల్లోనూ టిక్కులు పెట్టి స్లైడ్ల వైపు పరుగెత్తింది. కొత్తగా పెళ్ళయిన జంట కాగితం చూసి ఎర్రబడింది. "మేమెందుకొచ్చామో రాసివ్వాలాండీ?" అని పెళ్ళికొడుకు మెల్లగా అడిగాడు. ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరైన ఈశ్వరయ్య కళ్ళద్దాలు పైకీ కిందికీ జరిపి గడులన్నీ వెతికాడు.

"నేనొచ్చింది ఇమానాలు సూడనీకి. నాలుగో అంతస్తుల బాల్కనీకెళ్ళి మంచిగ అగుపడ్తయి. గా ముచ్చట ఏ డబ్బాల రాయాలె?"

"ఇతరములల్ల రాయున్రి పెద్దయ్యా."

"నౌకరీ చేసినన్ని దినాలు నన్ను ఇతరములల్లనే రాసిన్రు. ఇగ నేను రాయ," అని కాగితం మడిచి తిరిగిచ్చేశాడు.

పది గంటలకు లెక్క చూస్తే పన్నెండు కాగితాలు. వాటిలో పది అన్ని గడులూ నిండినవి. అందరూ అన్నిటికోసం వచ్చారని చెప్పడానికి కళ్యాణి అక్కర్లేదు. ఆ పని తెర కూడా చేస్తుంది.

సరిగ్గా అప్పుడే శివమ్మ వేవ్ పూల్ ఒడ్డున నిలబడి ఉంది. నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి, ఆమె కూడా నిమ్మళంగానే ఉంది. ఇంతలో అలలు మొదలయ్యే కూత కూసింది. గోడ కింద నుంచి నీళ్ళు ఉబికి, లేచి, అల మీద అలగా ఆమె పాదాల దాకా వచ్చాయి. శివమ్మ ఒళ్ళు జలదరించింది. వాళ్ళ ఊళ్ళో చెరువు నిండి అలుగు దుంకిన రోజున ఆడవాళ్ళంతా వెళ్ళి గంగమ్మకు పసుపు, కుంకుమ, రైకగుడ్డ సమర్పిస్తారు. అలుగు దుంకి ఏడేళ్ళయింది. ఇక్కడ గంగమ్మ తనంతట తానే ఎదురొచ్చి కాళ్ళు తడుపుతుంటే ఊరికే నిలబడడం ఆమెకు చేతకాలేదు. వెంట తెచ్చుకున్న సంచుల్లోంచి పసుపు పొట్లం తీసింది. ఇంత పెద్ద గంగమ్మకు చిటికెడు ఏం సరిపోతుందనిపించింది. అర కిలో పసుపు మొత్తం పోసి, కుంకుమ చల్లి, రైకగుడ్డ నీళ్ళలో వదిలి, దండం పెట్టుకుని గదికి కాకుండా తోట వైపు నడిచింది.

అలలు తమ పని తాము చేశాయి. రెండు నిమిషాల్లో ఒడ్డున నీళ్ళన్నీ పచ్చబడ్డాయి.

గదిలో అలల యంత్రం నడుపుతూ ఇదేమీ చూడని జీవన్ నిబంధనల మనిషి. నీళ్ళ రంగు మారితే అందరినీ బయటికి పంపాలని గోడ మీద రాసి ఉంది. పంపాడు. "రంగు మారింది" అని వాకీటాకీలో చెప్పాడు. గేటు దగ్గరి సెక్యూరిటీకి, రంగు ఎందుకు మారిందో తనే చెప్పడం బాధ్యత అనిపించింది. "నీళ్ళల్ల క్లోరిన్ మందు ఎక్కువైంది" అని పైకి పంపాడు. రిసెప్షన్ దాన్ని మరికాస్త పూర్తి చేసి, మందు లీకైందని మేనేజరుకు విన్నవించింది. రాజారావు మైకు అందుకున్నాడు.

"గౌరవనీయులైన అతిథులకు విజ్ఞప్తి. ఆందోళన చెందవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. దయచేసి అందరూ వెంటనే భవనం ఖాళీ చేయవలెను."

అంతవరకూ ఎవరూ ఆందోళన చెందలేదు. ఆ మాటతో మొదలుపెట్టారు. పావుగంటలో అతిథులంతా కారు పార్కింగులో ఉన్నారు. సగం మంది తడిబట్టల్లో, తువ్వాళ్ళు కప్పుకుని. వాళ్ళ బట్టలు లోపల లాకర్లలో ఉన్నాయి. వంటగదిలో పొయ్యిలు ఆర్పేశారు కాబట్టి మధ్యాహ్నం భోజనం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నూట పదమూడు మంది ఉండాల్సిన చోట రాజారావు మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ నూట పన్నెండే వచ్చింది.

"మా బాపు లేడు సార్," అంది కళ్యాణి గుంపంతా కళ్ళతో వెతికి. "ఈ యాళ్లకు గేటు బయట చాయ్ తాగనీకి పోయుంటడు. ఇంటికాడ రోజూ అంతే."

"గదులన్నీ తట్టి చూశారట, ఎవరూ పలకలేదు. బయటే ఉండుంటారులే," అని రాజారావు ఒక మనిషిని చాయ్ బండికి పంపాడు.

ఎండ పెరిగింది. పిల్లలు ఏడుపందుకున్నారు. "గిట్ల నిలబెట్టనీకేనా పైసలు తీసుకున్నది?" అని నల్లగొండ కుటుంబంలోని ముసలమ్మ అందరికీ వినబడేలా అడిగింది. తల్లి ఎక్కడుందా అని కళ్యాణి చూస్తే, శివమ్మ ఒక కారు నీడలో కొంగు పరిచి సంచులు విప్పుతోంది.

"తడిసిన పిలగాండ్లకు ఆకలి ఎక్కువైతది. తినున్రి బిడ్డా," అని మలీద ముద్దలు పంచింది. సకినాలు చేతులు మారుతూ వెనక వరస దాకా పోయాయి. నల్లగొండ ముసలమ్మ ఒకటి కొరికి, నువ్వులు దండిగా పడ్డాయని ఒప్పుకుని, పక్కనే చతికిలబడింది. ఇంతలో ఒక విమానం చెట్ల మీదుగా లేచింది. బాల్కనీ కన్నా పార్కింగులోనే విమానాలు పెద్దగా కనబడతాయని ఈశ్వరయ్య కనిపెట్టాడు. చక్రాలు ఎప్పుడు ముడుచుకుంటాయో, ఆ చప్పుడు ఎందుకొస్తుందో చెబుతుంటే కవలలతో పాటు పదిమంది పిల్లలు ఆయన చుట్టూ చేరారు. కొత్త పెళ్ళికూతురు ఒక పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల తుడుస్తోంది.

ఇంక ఏం చేయాలో తోచక కళ్యాణి కాగితాలు మళ్ళీ పంచింది. "ఆ డబ్బాలు ఇడిసిపెట్టున్రి. కింద గీత మీద మీకేమనిపిస్తే అది రాయున్రి," అంది. చేతిలో వేరే పనేమీ లేదు కాబట్టి జనం నిజంగానే రాశారు. గీత చాలక కాగితం వెనక్కి తిప్పి కూడా రాశారు.

ఆఖరి కాగితం తీసుకుని తిరిగేసరికి జీవన్ కనబడ్డాడు. మెడలో ఉద్యోగి కార్డు లేదు. అరుగు చివర కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది జీవన్?"

"మందు నేనే ఎక్కువ కలిపిన అంటున్నరు అక్కా. సార్ మేడమ్‌కు ఫోన్ జేసి చెప్పిండంట, ఇంటికి పొమ్మన్నరు. నేను ఇయ్యాల మందే ముట్టలె. నా మాట ఎవ్వరింటలేరు."

కళ్యాణి తల తిప్పింది. ఎదురుగా తల్లి ఇంకో పిల్లకు ముద్ద పెడుతోంది. ఆ చేతులు మణికట్టు దాకా పచ్చగా ఉన్నాయి. వేవ్ పూల్‌లో దిగిన పిల్లల పాదాలదీ అదే పచ్చ.

"అమ్మా, నీళ్ళల్ల ఏమన్న ఏసినవా?"

"పసుపు ఏసిన బిడ్డా. గంగమ్మ గట్ల ఎదురొస్తే ఒట్టిగ ఎట్ల నిలబడాలె?" శివమ్మ ముఖంలో తప్పు చేసిన జాడే లేదు. బిడ్డ ముఖం చూశాకే అది మెల్లగా వచ్చింది. "గీ లొల్లి అంత నా తోనేనా? నడువు, నేనే జెప్త."

"నువ్వుండు, నేను జెప్త."

రాజారావు విని నుదురు తుడుచుకున్నాడు. "కళ్యాణీ, నీ ఉద్యోగం ఇవాళే తేలాలి. ఈ మాట ఇక్కడితో వదిలేయమ్మా. మందనే అనుకోనీ. జీవన్‌కి ఇంకెక్కడైనా దొరుకుతుంది."

ఆయన చెడ్డవాడు కాదు. నిజంగా ఆమె మేలు కోరే అన్నాడు. ఆమెకు ఆ మాట వినాలనీ అనిపించింది. ఆరు నెలలు ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఉద్యోగం. కానీ అరుగు చివర కూర్చున్న జీవన్‌ను చూస్తుంటే ఆ మాట లోపలికి దిగలేదు.

అప్పుడే కారు ఆగింది. వేదవతి గారి విమానం అరగంట ముందే దిగింది. విమానాశ్రయానికి దగ్గర అన్న గడి ఇన్నాళ్ళకు ఒక మనిషికైనా నిజమైంది. నాలుగింటికి రావలసిన మనిషి, ఫోను విని విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చి, పన్నెండున్నరకే తన హోటలు మొత్తాన్ని పార్కింగులో చూసింది.

"మేడమ్, మందు కాదు," అంది కళ్యాణి, రాజారావు నోరు తెరవకముందే. "మా అమ్మ వేవ్ పూల్‌లో పసుపు వేసింది. అర కిలో. జీవన్ నిబంధన ప్రకారమే చేశాడు. తప్పు మా వైపుదే."

శివమ్మ లేచొచ్చింది. పెద్దమనిషి ఇంటిముందుకొస్తే ఏం చేయాలో అదే చేసింది. వేదవతి గారి నుదుటన కుంకుమ పెట్టి చేతిలో సకినం పెట్టింది.

"తప్పయింది బిడ్డా. గంగమ్మ అనుకున్న."

వేదవతి సకినం వంక చూసింది. "కాలవకి కొత్త నీళ్ళు వదిలినప్పుడు మా అమ్మమ్మా వేసేది," అంది. "కాకపోతే అర కిలో వేసేది కాదు." చెయ్యి చాచింది. "ఆ కాగితాలేవి?"

నిలబడే చదివింది. నల్లగొండ ముసలమ్మ కోడలి చేత రాయించింది: 'పిలగాండ్లు స్లైడ్ల మీద ఉన్నంతసేపు నా వంట ఇంకొకరు వండుతరని వచ్చిన.' కవలల్లో ఒకడు: 'ఇక్కడైతే అమ్మ ఫోన్ పక్కకు పెడ్తది.' కొత్త జంట: 'ఇంట్లో పద్నాలుగు మందిమి. తలుపు వేసుకునే గది కోసం వచ్చాం. అయినా ఈ పార్కింగు బాగానే ఉంది.' ఈశ్వరయ్య అక్షరాలు కాగితం రెండువైపులా నిండాయి. ఆఖరున ఇలా ఉంది: 'ముప్పై రెండేండ్లు బస్సుల కింద పండుకొని పని జేసిన. ఇగ పైకి సూడాలని వచ్చిన.'

ఆ కాగితం ఆమె రెండుసార్లు చదివింది.

"ఈ గడులు ఎవరు పెట్టారు రాజారావు గారూ?"

"కమిటీ అండి," అన్నాడు రాజారావు. కమిటీలో ఆయన ఒక్కడే ఉన్నాడు.

"తీసేయండి. తెర వద్దని చెప్పండి. ఈ అమ్మాయి రేపు మామూలుగానే వస్తుంది. జీవన్ కార్డు ఇప్పుడే ఇచ్చేయండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "రేపటి నుంచి మొదటి అలకు ముందు ఒడ్డున పళ్ళెంలో పసుపు కుంకుమ పెట్టండి. పళ్ళెంలోనే."

కళ్యాణికి కళ్ళు నిండాయి. నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో తల్లి భుజం మీద ముఖం దాచుకుంది. జీవన్ కార్డు మెడలో వేసుకుంటూ, ముందు నీళ్ళు మార్చాలి కదా అని లోపలికి పరుగెత్తాడు.

"నూట పదమూడో మనిషి?" అని రాజారావు అప్పుడు గుర్తుచేశాడు. చాయ్ బండి దగ్గర ఎవరూ లేరట. కళ్యాణి లోపలికి పరుగెత్తేసరికి లిఫ్టు తలుపు తెరుచుకుంది. దుప్పటి భుజాన వేసుకుని బిక్షం బయటికి వచ్చాడు.

"బువ్వ తయారైందా బిడ్డా?"

జరిగింది చెప్పడానికి ఎవరికీ ఓపిక లేదు. వేదవతే నవ్వుతూ ఒక కాగితం ఆయన ముందుంచింది, ఇక్కడ ఏం నచ్చిందో చెప్పమని. బిక్షం చెప్పాడు, కళ్యాణి రాసింది: 'ఇసొంటి నిమ్మళమైన జాగ యాడ జూడలె. పొద్దటి సంది ఒక్క మనిషి గూడ సప్పుడు జెయ్యలె.'

మరుసటి నెల హోటలు కరపత్రం మొదటి పేజీ మీద రాజారావు ఆ మాటనే పెద్ద అక్షరాల్లో వేయించాడు. ఆ నిశ్శబ్దానికి ఎన్ని ఏర్పాట్లు కావాలో మాత్రం వేయించలేదు.